ఊపిరి బిగబట్టిన మాస్కు

నేను ఒక మాస్కును. కరోనా రోజుల్లో మీరు చెవులకు తగిలించుకుని, టీ తాగేటప్పుడు గడ్డం కిందికి లాక్కున్న గుడ్డముక్కను కాను. నుదుటి నుంచి గడ్డం దాకా ముఖమంతా కప్పే నల్ల రబ్బరు మాస్కును. కళ్ళ ముందు వెడల్పాటి అద్దం, తల వెనక బిగించుకోవడానికి ఐదు పట్టీలు, గడ్డం దగ్గర పచ్చచారల ఫిల్టరు డబ్బా. అమ్మోనియా గ్యాసు లీకైన చోటికి నన్ను పెట్టుకుని వెళ్ళి, వాల్వు కట్టేసి, వెళ్ళిన కళ్ళతోనే తిరిగి రావచ్చు. నన్ను చేసింది అందుకే. గొప్పలు చెప్పుకుంటున్నానని అనుకోకండి. ఇకపై చెప్పబోయేదంతా తల దించుకుని చెప్పాల్సిన కథే. నాకు తల లేదు కాబట్టి అద్దం దించుకుని చెబుతున్నాను.

ఎక్కడో ఉత్తరాదిలో, ఒక రేకుల షెడ్డులో పుట్టాను. వేడి అచ్చులోంచి నన్ను ఊడదీసిన ఆవిడ నా పట్టీలు ఒక్కొక్కటీ లాగి చూసింది. అంచులన్నీ తడిమి, గాలి చొరబడే సందు ఎక్కడా లేదని తేల్చుకుంది. డబ్బా అడుగున గాలి పీల్చుకునే చిల్లులు ఉంటాయి. లోపల గ్యాసును పట్టేసే మందుకు తేమ తగలకుండా ఆ చిల్లుల మీద ఒక వెండిరంగు రేకు అతికించింది. వాడే రోజున ఆ రేకు పీకెయ్యాలి. పెద్ద విద్యేమీ కాదు, గోటితో అంచు లేపితే చర్రున ఊడి వస్తుంది. ఆ సంగతి రాసిన కాగితం మడిచి నాతో పాటు పెట్టెలో పెట్టింది. ఇంగ్లీషులో, హిందీలో రాసిన కాగితం. అందులో మొదటి వాక్యమే అది.

నేను వచ్చి చేరింది పశ్చిమ గోదావరిలో, కాలువ గట్టున ఉన్న ఒక రొయ్యల ఫ్యాక్టరీకి. ఒక పక్క పెద్ద హాల్లో ఎనభై మంది ఆడవాళ్ళు పొద్దున్నుంచి సాయంత్రం దాకా నిలబడి రొయ్యలు ఒలుస్తారు. గోడకు అవతల కంప్రెసర్ గది. రొయ్య గడ్డకట్టాలంటే చలి కావాలి, చలి కావాలంటే అమ్మోనియా కావాలి. ఆ గ్యాసు గొట్టాల్లో ఉన్నంతసేపే మంచిది. బయటికి వచ్చిందంటే ముందు కళ్ళను, తర్వాత ఊపిరితిత్తులను పట్టుకుంటుంది.

పెట్టె విప్పింది స్టోర్‌కీపర్ మార్కండేయులు. చెడ్డవాడు కాదు, ముందే చెబుతున్నాను. చెడ్డవాడైతే నాకింత సిగ్గుగా ఉండేది కాదు. యాభై దాటిన మనిషి, నడుముకు తాళాల గుత్తి, జేబులో మడత నలగని రుమాలు. ఏ వస్తువైనా కొత్తగా ఉంటే చాలు, కన్నతండ్రిలా కాపాడతాడు. ఇంట్లో టీవీ రిమోటుకు ప్లాస్టిక్ కవరు, కవరు మాస్తుందని దాని మీద ఇంకో కవరు వేసే రకం. నాతో వచ్చిన కాగితాన్ని కూడా చదివితే నలుగుతుందనుకున్నాడో ఏమో, విప్పకుండానే ఫైల్లో పెట్టేశాడు. నన్ను మాత్రం రెండు చేతులతో ఎత్తి, అద్దాల బీరువాలో నడి అరలో కూర్చోబెట్టాడు. పై అరలో హెల్మెట్లు, కింది అరలో రబ్బరు చేతితొడుగులు. బీరువా నెత్తిన ఎర్ర అక్షరాలతో బోర్డు ఉంది: పీపీఈ. ఆ బీరువాకు తాళం వేసి, అద్దం మీద పడిన తన వేలిముద్రను తుడిచి వెళ్ళాడు.

ఆ మూడక్షరాలను ఆ ఫ్యాక్టరీలో ఒక్కొక్కరు ఒక్కోలా వాడేవారు. ఆఫీసులో అది ఒక రిజిస్టరు. విదేశాల నుంచి సరుకు కొనేవాళ్ళు తనిఖీకి వచ్చినప్పుడు అది ఒక ప్రశ్న. రొయ్యలు ఒలిచే ఆడవాళ్ళకు తమ గమ్‌బూట్లు పీపీలు. మొదటిసారి విన్నప్పుడు వాళ్ళలో కరుణమ్మ అనే ఆవిడ హడలిపోయింది.

"పీపీ అంటే కరోనాలో శవాల్ని మోసినోళ్ళు ఏసుకున్న తెల్ల చొక్కా కాదేటండి? మాకెందుకండి బాబూ అది?"

అందరూ నవ్వారు. ఆ నవ్వు విని మేనేజరుగారు శిక్షణ ఉండాలన్నారు. శిక్షణ బాధ్యత మార్కండేయులు మీద పడింది. అతను గోడకు బోర్డు తగిలించి, ఎక్కాలు అప్పజెప్పించినట్టు అప్పజెప్పించాడు. ఒక పీ అంటే పర్సనల్, ఇంకో పీ అంటే ప్రొటెక్టివ్, ఈ అంటే ఎక్విప్‌మెంట్. తెలుగులో వ్యక్తిగత రక్షణ పరికరం. రెండు రోజుల్లో హాలంతా గడగడా చెప్పేసింది. కరుణమ్మ మొగుడు ఏసుపాదం కంప్రెసర్ గదిలో ఆపరేటరు. అందరికన్నా అతనే స్పష్టంగా చెప్పేవాడు, ఈ దగ్గర కాస్త సాగదీసి మరీ. మూడక్షరాలకూ అర్థం చెప్పడం అందరికీ వచ్చింది. నన్ను ముఖానికి పెట్టుకోవడం మాత్రం ఎవరికీ రాలేదు, ఎవరూ నేర్పలేదు.

అలాగని పెట్టుకోలేదని కాదు. పెట్టుకున్నారు, ఫొటో కోసం. ఏడాదికోసారి, తనిఖీకి ముందు, మార్కండేయులు బీరువా తెరిచేవాడు. మాస్కు వాడే శిక్షణ పొందినట్టు హాలు నుంచీ కంప్రెసర్ గది నుంచీ ఎంచిన నలభై ముగ్గురి ఫొటోలు ఫైల్లో ఉండాలి. ఉన్న మాస్కునల్లా నేనొక్కదాన్నే. అందుకని మనుషులే వరసలో వచ్చేవారు. ఒకరి ముఖం మీంచి తీసి, స్పిరిట్ దూదితో తుడిచి, ఇంకొకరికి తొడిగేవాడు. కరుణమ్మ వంతు వచ్చినప్పుడు వెనక్కి జంకింది.

"రొయ్య వాసన అంటేసుకుంటాదేమోనండి, కొత్తదానికి."

"పర్లేదమ్మా, తుడుస్తాలే. ఊపిరి బిగబట్టు. ఆ, కదలకు."

ఊపిరి ఎందుకు బిగబట్టాలో మీకు తెలిసిపోయే ఉంటుంది. డబ్బా అడుగున వెండిరేకు అలాగే ఉంది. పీలిస్తే గాలి రాదు, నేను బుగ్గలకు అతుక్కుపోతాను. ఈ మాస్కు అంటే ఇంతే కాబోలు అనుకున్నారు వాళ్ళు. ఇంగ్లీషు వస్తువు కదా, కాస్త బాధపెట్టడం దాని హక్కు అనుకున్నారేమో కూడా. మార్కండేయులయితే ఆ రేకును ఎంతో మురిపెంగా తుడిచేవాడు, అది తళతళలాడుతూ ఉంటే నేను కొత్తదాన్నని అందరికీ తెలుస్తుంది కదా. నన్ను పెట్టుకున్నాక అందరి ముఖాలూ ఒక్కటే కాబట్టి ఫొటోల వెనక పేర్లు తారుమారయ్యేవి. ఒక ఏడాది ఏసుపాదం పేరు మీద కరుణమ్మ ఫొటో పడింది. తనిఖీకి వచ్చినవాళ్ళు చూసి చాలా బాగుందన్నారు.

నేను ఎందుకు నోరు మెదపలేదని అడగకండి. వస్తువుకు నోరుండదు. కానీ నిజం చెప్పాలంటే ఆ బీరువాలో నాకు బాగుండేది. దుమ్ము లేదు, చెమట లేదు, వచ్చినవాళ్ళందరూ ముందు నన్నే చూసేవారు. నేను వాళ్ళను కాపాడాల్సింది పోయి, మూడేళ్ళు వాళ్ళ చేత కాపాడించుకున్నాను.

ఆ రోజు బుధవారం. మర్నాడు తనిఖీ. మార్కండేయులు పొద్దున్నే వచ్చి బీరువా అద్దం నిగనిగలాడేలా తుడిచాడు. తొమ్మిదింటికి ఏసుపాదం స్టోరు గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. చేతిలో స్పానరు, కళ్ళు కొంచెం ఎర్రగా ఉన్నాయి.

"స్టోరుగారూ, రెండో వాల్వు కాడ వాసనొత్తందండి. గ్లాండు బిగించాలి. ఆ మాస్కు ఓ గంట ఇత్తారా?"

మార్కండేయులు నా వైపు చూశాడు. నిజంగానే ఆలోచించాడు, నేను చూశాను.

"ఇయ్యాళ వద్దయ్యా ఏసుపాదం. రేపు ఆడిట్టు. ఇప్పుడే తుడిచి పెట్టాను. గ్రీజు చేతులతో పట్టుకుంటే మళ్ళీ ఎక్కడ తోముతాను? ఎల్లుండి తీసుకుందువుగాని."

"వాసన మరీ ఎక్కువేం లేదులెండి. తువ్వాలు తడిపి కట్టుకుంటాను."

"ఆ, అది మంచిది. చల్లగా ఉంటుంది."

ఏసుపాదం వెళ్ళిపోయాడు. ఎవరూ ఎవరినీ తిట్టుకోలేదు, ఎవరికీ కోపం రాలేదు. అంత మామూలుగా జరిగింది.

పదకొండు దాటాక, గ్యాసు కారకుండా వాల్వు చుట్టూ బిగించే ఆ గ్లాండు ఒక్కసారిగా తన్నేసింది. స్టోరు ముందున్న వరండాలో తెల్లటి పొగ నేల మీద పాకుతూ రావడం నాకు అద్దంలోంచి కనిపించింది. హాల్లో కేకలు మొదలయ్యాయి. రొయ్యల ట్రేలు కింద పడ్డ చప్పుడు, గమ్‌బూట్ల పరుగులు. గేటు వైపు ఉన్నది ఒకటే తలుపు. ఎనభై మంది ఆ తలుపులోంచి బయట పడాలంటే ఎంతసేపు పడుతుందో మీరే ఊహించుకోండి. మార్కండేయులు కుర్చీలోంచి లేచాడు. చెయ్యి నడుముకున్న తాళాల గుత్తి మీదికి వెళ్ళింది. నా వైపు చూశాడు. అరసెకను, అంతే. తర్వాత రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని, గుత్తి గలగలలాడుతుండగా గేటు వైపు పరుగెత్తాడు. ప్రాణభయం వేసింది, పరుగెత్తాడు. అందులో నేను అతన్ని తప్పు పట్టను. కానీ తాళం అతనితో పాటే వెళ్ళిపోయింది.

ఏసుపాదం ఎదురు దిశలో వెళ్ళాడు. తువ్వాలును ఐసు తొట్టెలో ముంచి ముఖానికి చుట్టుకుంటూ వెళ్ళాడు. దారిలో బీరువా ముందు ఆగి, హ్యాండిల్ పట్టుకుని ఒకసారి లాగాడు. అది రాలేదు. గట్టిగా గుద్దితే పగిలేదే. అద్దం పగలగొట్టడం అతనికి తోచలేదు, ఆ అద్దం మీద చెయ్యి వేయకూడదని మూడేళ్ళుగా వింటూనే ఉన్నాడు. కంప్రెసర్ గదిలోకి వెళ్ళిపోయాడు. హాల్లో కరుణమ్మ ఉంది, ఇంకో డెబ్భై తొమ్మిది మంది ఉన్నారు. మెయిన్ వాల్వు కట్టేశాడు. తర్వాత మోకాళ్ళ మీద పాక్కుంటూ బయటికి వచ్చి వరండాలో బోర్లా పడిపోయాడు. ఆడవాళ్ళందరూ క్షేమం. అతని కుడి కన్ను పోయింది, ఎడమ కంటికి మసక మసకగా వెలుగు మాత్రం మిగిలింది. గొంతు కాలిపోయింది.

ఇక చెప్పలేని చోటికి వచ్చాను. చెప్పకపోతే ఈ కథ ఎందుకు?

అతన్ని ఆసుపత్రికి తీసుకువెళ్ళాక, నీళ్ళు కొట్టి గ్యాసును అణిచేశాక, మేనేజరుగారు స్టోరులోకి వచ్చారు. ఆయన గొంతు చాలా మెల్లగా ఉంది.

"మార్కండేయులూ, ఆ మాస్కు తియ్యి."

తాళంచెవి బీరువా కన్నంలో మూడుసార్లు తప్పింది. ఆయన నన్ను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. "మరీ కొత్తదానిలా ఉందే" అన్నారు. కంప్రెసర్ గదికి తీసుకెళ్ళి, తడి నేల మీద పడేసి, చెప్పుకాలితో రెండుసార్లు అటూ ఇటూ దొర్లించారు. వాల్వుకు మూడడుగుల దూరంలో, ఏసుపాదం విసిరేసి వెళ్ళినట్టుగా పెట్టారు. పక్కనే అతని తువ్వాలు పడి ఉంది. దాన్ని కాలితో పక్కకు నెట్టేశారు. ఫొటో తీయించారు. మూడేళ్ళలో నా కోసం ఎవరూ ఊపిరి బిగబట్టకుండా తీసిన ఫొటో అదొక్కటే.

పీపీఈ రిజిస్టరులో ఏసుపాదం సంతకం ఎలాగూ ఉంది. చేరిన రోజునే అందరి దగ్గరా ముట్టినట్టు సంతకాలు తీసుకున్నారు. రిపోర్టులో ఇలా రాశారు: "కార్మికునికి పీపీఈ ఇవ్వబడినది. నిర్లక్ష్యముతో ధరించలేదు." దానికి సాక్ష్యం నేను. నన్ను ప్లాస్టిక్ సంచిలో వేసి మళ్ళీ అదే బీరువాలో పెట్టారు. ఆ తర్వాత మార్కండేయులు అద్దం తుడవడం మానేశాడు. బీరువా ముందు నుంచి వెళ్ళాల్సి వస్తే నేల చూస్తూ వెళ్ళేవాడు. మూడేళ్ళలో మా ఇద్దరికీ కుదిరిన స్నేహం అది, ఒకరి ముఖం ఒకరు చూసుకోలేకపోవడం.

ఐదు వారాల తర్వాత విచారణ. ఫ్యాక్టరీల తనిఖీ అధికారి వచ్చి మేనేజరుగారి గదిలో కూర్చున్నారు. నన్ను సంచిలోంచి తీసి బల్ల మీద న్యూస్‌పేపరు పరిచి పెట్టారు. కరుణమ్మ చెయ్యి పట్టుకుని ఏసుపాదం వచ్చాడు, నల్లకళ్ళద్దాలతో. అతని మాటలో మాట కన్నా గాలి ఎక్కువగా వినిపిస్తోంది. అతను కోరింది ఒక్కటే. "నేను మాస్కు పడేసి ఎల్లేనని రాసేరంటండి. అది తీసెయ్యండి. మా వోళ్ళంతా నా మూలంగానే అయిందనుకుంటన్నారు."

అధికారి కాగితం చూస్తూ అడిగారు.

"పీపీఈ అంటే నీకు తెలుసా?"

"తెలుసండి. పీ అంటే పర్సనల్, పీ అంటే ప్రొటెక్టివ్, ఈ అంటే ఎక్విప్‌మెంట్. వ్యక్తిగత రక్షణ పరికరం."

కాలిపోయిన గొంతుతో కూడా తప్పు లేకుండా చెప్పాడు, ఈ దగ్గర సాగదీయబోయి దగ్గాడు. అధికారి రాసుకున్నారు. మేనేజరుగారు కొంచెం ముందుకు వంగి, "శిక్షణ ఇచ్చామండి, చూశారుగా" అన్నారు. అతను శ్రద్ధగా నేర్చుకున్న పాఠం అతని మెడకే చుట్టుకుంది. ఆ బల్ల మీద పడి ఉన్న నాకు కరిగిపోవాలనిపించింది, రబ్బరు అంత తేలిగ్గా కరగదు.

అప్పుడు కరుణమ్మ మాట్లాడింది.

"ఆయన్నొక్కణ్ణే అడుగుతారేటండి? నేనూ పెట్టుకున్నానండి, ఫొటోకి. మూడేళ్ళూ పెట్టుకున్నాను. అది పెట్టుకుని లోనికెలా ఎల్తారండి? ఊపిరాడదు కదండీ దాంట్లో."

"ఊపిరాడకపోవడం ఏమిటమ్మా?"

"బిగబట్టాలండి. స్టోరుగారు చెప్పేవోరు."

అధికారి నన్ను చేతిలోకి తీసుకున్నారు. డబ్బా తిరగేశారు. వెండిరేకు మట్టి కొట్టుకుని, అయినా చెక్కు చెదరకుండా అలాగే ఉంది. ఆయన దాని మీద గోరుతో టకటక కొట్టారు. తర్వాత ఫైల్లోని ఆ ఏటి ఫొటోలు తెప్పించి ఒక్కొక్కటే తిరగేశారు. నలభై మూడింట్లోనూ అదే రేకు తళతళలాడుతోంది.

"దీనితో ఈ ఫ్యాక్టరీలో ఒక్కరైనా ఒక్క ఊపిరి పీల్చారా?" అన్నారాయన.

గోడ పక్కన నిలబడ్డ మార్కండేయులు కాళ్ళు మార్చుకున్నాడు. తాళాల గుత్తి చిన్నగా గలగలమంది. ఏసుపాదం ఆ చప్పుడు వైపు తల తిప్పాడు.

"స్టోరుగారేనా అండి? మీరూ ఉన్నారా? ఆ రోజు మీకేం అవలేదు కదండీ? అడుగుదామనుకుంటానే ఉన్నాను."

మార్కండేయులు రుమాలు తీశాడు, మడత విప్పలేదు, మళ్ళీ జేబులో పెట్టేశాడు. ముందుకు వచ్చి బల్ల అంచు పట్టుకున్నాడు.

"మాస్కు అతనికి ఇవ్వలేదండి. పొద్దున తొమ్మిదింటికి అడిగాడు. ఆడిట్టుందని నేనే ఇవ్వలేదు. గ్యాసు వచ్చినప్పుడు తాళం నా నడుముకే ఉంది. తియ్యకుండా పారిపోయాను. ఆ నేల మీద అది ఎలా పడిందో కూడా చూశాను."

"మార్కండేయులూ, నీకు ఒంట్లో బాగాలేదు, వెళ్ళి కూర్చో" అన్నారు మేనేజరుగారు.

"బాగానే ఉందండి. ఐదు వారాల్లో ఇవాళే బాగుంది."

ఏసుపాదం ఆ గొంతు వైపే ముఖం తిప్పి ఉంచాడు. మార్కండేయులు ముఖం అతను చూడలేడు, అది ఎవరికి మేలో నాకు తెలియదు. చెయ్యి చాచి, "ఓసారి ఇవ్వండి దాన్ని" అన్నాడు. మార్కండేయులు నన్ను అధికారి చేతిలోంచి అందుకుని, గోటితో రేకు అంచు లేపాడు. చర్రుమని ఊడి వచ్చింది. మూడేళ్ళ పని, అరసెకను పట్టింది. కరుణమ్మ నల్లకళ్ళద్దాలు తీసి, పట్టీలు ఒక్కొక్కటే మొగుడి తల వెనక బిగించింది. గ్యాసుకు కాలిపోయి ముడతలు పడ్డ చర్మం నా రబ్బరుకు తగిలింది. అలవాటు కొద్దీ అతను ఊపిరి బిగబట్టాడు.

"పీల్చవయ్యా, ఇప్పుడొత్తాది" అంది ఆవిడ.

పీల్చాడు. గాలి నా డబ్బాలోంచి, మందులోంచి మెత్తగా వచ్చి, కాలిన గొంతులోకి కీచుమంటూ వెళ్ళింది. నా జన్మలో నేనిచ్చిన మొదటి ఊపిరి అది. ఐదు వారాలు ఆలస్యంగా, ఏ గ్యాసూ లేని ఆఫీసు గదిలో, అది ఎవరికి కావాలో అతనికే ఇచ్చాను.

"ఇంత తేలికా" అన్నాడు అతను లోపలి నుంచి.

అంతకన్నా పెద్ద తిట్టు నేను వినలేదు. ఆ బుధవారం తొమ్మిదింటికి నన్ను ఇచ్చి ఉంటే కూడా, ఆ రేకుతో నేను అతని ఊపిరే ఆపేసేదాన్ని, ఆ గదిలో నన్ను పీకి పారేయాల్సి వచ్చేది. అందుకే నన్ను ఇవ్వలేదని మార్కండేయులు మీద నింద వేసి తప్పుకునే దారి కూడా నాకు లేదు.

రిపోర్టులో నిర్లక్ష్యము అన్న మాట కొట్టేసి, ఆ మాట ఎవరికి చెందాలో వాళ్ళ పేరుతో రాశారు. మార్కండేయులు ఉద్యోగం పోయింది, మేనేజరుగారు కూడా ఎక్కువ కాలం లేరు. బీరువా తలుపులు పీకేశారు. కంప్రెసర్ గది బయట ఆరు మేకుల మీద ఆరు కొత్త మాస్కులు వేలాడుతున్నాయి, తాళం లేదు. నా డబ్బాకు గడువు తీరిపోయింది కాబట్టి నన్ను గ్యాసులోకి తీసుకువెళ్ళరు. నేర్పడానికి మాత్రం వాడతారు. నేర్పేది కరుణమ్మ. కొత్తగా చేరినవాళ్ళు గోడ మీది బోర్డు చూసి, పీపీఈ అంటే ఏటండీ అని అడుగుతారు.

"అది తర్వాత. ముందు పెట్టుకుని పది ఊపిర్లు తీసి చూపించు" అంటుంది ఆవిడ.

తీస్తారు. మొదటి ఊపిరి ఎవరు తీసినా నాకు కీచుమన్న ఏసుపాదం ఊపిరే వినిపిస్తుంది. అప్పుడు సిగ్గుతో నా అద్దం మసకబారుతుంది. అది తమ ఊపిరి ఆవిరే అనుకుని, వాళ్ళు నన్ను తీసి చీరకొంగుతో తుడుస్తారు.